పశ్చిమాసియాలో అమెరికా అడుగు ఎటు పడుతుందో అంచనా కట్టడం ఎలా?

హనుమకొండలో నేను పోటీ పరీక్షలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పే తరగతికి మెట్‌పల్లి వైపు నుంచి ఒక అబ్బాయి వస్తుండేవాడు. 2025 జూన్ 23 రాత్రి పదిన్నర దాటాక ఫోన్ చేసి, "సార్, ఖతర్ల బాంబులు పడుతున్నయట. మా బాపు దోహాలనే ఉన్నడు. ఇప్పుడు ఏమైతది సార్?" అని అడిగాడు. ఏమవుతుందో చెప్పే శక్తి నాకు లేదు. అయితే అప్పటికి పన్నెండు రోజులుగా నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చిన వివరాలను బట్టి కొంత చెప్పగలిగాను. ఇరాన్ గురిపెట్టింది నగరం నడిబొడ్డుకు నైరుతి దిక్కున సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎడారిలో ఉన్న అమెరికా వైమానిక స్థావరం అల్ ఉదైద్‌కు. వాళ్ళ బాపు ఉండే ఇండస్ట్రియల్ ఏరియా కూడా ఊరికి అదే దిక్కున ఉంది కాబట్టి చప్పుడు గట్టిగానే వినిపించి ఉంటుంది. ఆ స్థావరంలోని విమానాలను అమెరికా చాలావరకు ముందే తరలించింది. ఆ దాడిలో ఎవరూ చనిపోలేదు. మర్నాడు కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది.

ఆ నోటుబుక్కును ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తాను. గ్రూప్-1, సివిల్స్ రాసేవారికి ఇది పనికివస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి పల్లెల్లో కొడుకునో భర్తనో గల్ఫ్‌కు పంపి, రాత్రి వార్తల్లో ఎర్ర అక్షరాలు చూసి నిద్రపట్టక కూర్చునే ఇళ్ళకు ఇంకా ఎక్కువ పనికివస్తుంది. కావలసినవి 200 పేజీల రూళ్ళ పుస్తకం, రెండు రంగుల పెన్నులు, రోజుకు ఇరవై నిమిషాలు. ప్రతి పేజీని నిలువుగా నాలుగు గడులుగా గీసుకోవాలి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో అన్న మాట, మూడో గడిలో చేసిన పని, నాలుగో గడిలో చెయ్యగలిగి ఉండీ చెయ్యకుండా వదిలేసిన పని. చాలామంది మూడో గడి దగ్గర ఆగిపోతారు. నా అనుభవంలో అగ్రరాజ్యం అసలు లెక్క బయటపడేది నాలుగో గడిలోనే.

ముందుగా పటం గీయండి

పటం దుకాణంలో కొనవద్దు, చేత్తో గీయాలి. వంకరగా వచ్చినా నష్టం లేదు. చేత్తో గీసిన పటం కంటికి గుర్తుంటుంది. పైన ఇరాన్, కింద అరేబియా ద్వీపకల్పం, మధ్యన గల్ఫ్ సముద్రం, అది బయటికి తెరుచుకునే సన్నని మూతి దగ్గర హోర్ముజ్ జలసంధి. అతి ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు, అందులో ఓడలు రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి కేటాయించిన దారులు ఒక్కోటి మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 2024లో ఆ మూతి గుండా రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ళ చమురు ప్రయాణించింది. ప్రపంచ వినియోగంలో అది ఐదో వంతు. రెండో ఇరుకు ద్వారం ఎర్రసముద్రం దక్షిణపు కొసన, యెమెన్ పక్కన ఉన్న బాబ్ ఎల్ మందెబ్.

తర్వాత ఎర్ర పెన్నుతో అమెరికా స్థావరాలను గుర్తించండి. కువైట్‌లో క్యాంప్ ఆరిఫ్‌జాన్, అలీ అల్ సలేం. బహ్రెయిన్‌లో ఐదో నౌకాదళపు ప్రధాన కేంద్రం. ఖతార్‌లో సుమారు పది వేల మంది ఉండే అల్ ఉదైద్. యూఏఈలో అల్ ధఫ్రా. సౌదీలో ప్రిన్స్ సుల్తాన్. వీటన్నిటికీ పైన ఉండే సెంట్రల్ కమాండ్ 1983లో ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం ఫ్లోరిడాలోని టాంపాలో ఉంది. నీలం పెన్నుతో మన వాళ్ళు ఉండే చోట్లు గుర్తించండి: దుబాయ్‌లో సోనాపూర్, దోహాలో ఇండస్ట్రియల్ ఏరియా, కువైట్‌లో ఫర్వానియా, సౌదీలో రియాద్, దమ్మామ్. మీ ఇంటి మనిషి ఉండే క్యాంపును పేరుతో సహా రాయండి. ఎర్ర చుక్కలూ నీలం చుక్కలూ ఒకే కాగితం మీద పడ్డాక, "గల్ఫ్‌లో యుద్ధం" అనే మాట మీకు మునుపటిలా వినిపించదు. ఏ గల్ఫ్, ఏ ఒడ్డు, ఏ స్థావరానికి ఎంత దూరం అని మీరే అడగడం మొదలుపెడతారు.

అగ్రరాజ్యానికి ఏం కావాలో వరుసలో పెట్టండి

నోటుబుక్కు రెండో పేజీలో అమెరికాకు ఆ ప్రాంతంలో కావలసినవి రాసుకోవాలి. చమురు, గ్యాసు ఓడలు ఆగకుండా సాగడం, ఇజ్రాయెల్ భద్రత, ఆ ప్రాంతం మీద మరో పెద్ద దేశం పెత్తనం రాకపోవడం, అణ్వాయుధాలు కొత్త చేతుల్లో పడకపోవడం, తనపై దాడిచేసే సాయుధ ముఠాలకు అక్కడ చోటు దొరకకపోవడం. ఈ జాబితా ఎవరైనా రాయగలరు. కష్టమల్లా వరుసక్రమంలో ఉంటుంది, ఎందుకంటే ఇవి ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు ఏది ముందుకు వస్తుందో ఏ ప్రకటనలోనూ రాసి ఉండదు.

వరుసను పాత సంఘటనల నుంచి రాబట్టాలి. ఒక మంచి జంట ఉంది. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయ సిబ్బంది బందీలయ్యారు, డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగాయి. 1980 జనవరి 23న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, గల్ఫ్ ప్రాంతాన్ని చేజిక్కించుకోవడానికి బయటి శక్తి ఏదైనా ప్రయత్నిస్తే దాన్ని అమెరికా కీలక ప్రయోజనాలపై దాడిగా పరిగణించి, అవసరమైతే సైనిక బలంతో తిప్పికొడతామని ప్రకటించాడు. ఇది రెండో గడి. ఇప్పుడు 2019 సెప్టెంబరు 14కు రండి. సౌదీలోని అబ్‌ఖైక్ చమురు శుద్ధి కేంద్రంపై డ్రోన్లు, క్షిపణులు పడ్డాయి. రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి, అంటే ఆ దేశపు ఉత్పత్తిలో సగం, ఒక్కసారిగా ఆగిపోయింది. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు తామే చేశామన్నారు. అమెరికా మాత్రం ఇరాన్‌నే వేలెత్తి చూపింది. అయినా ఇరాన్ మీద బాంబు వెయ్యలేదు. కొన్ని బలగాలను సౌదీకి పంపింది, ఆంక్షలు పెంచింది, అంతటితో సరిపెట్టింది.

ఆ రోజు నాలుగో గడిలో రాయవలసిన వాక్యం రియాద్‌లోనూ అబుధాబీలోనూ పాలకులు తమ నోటుబుక్కుల్లో తప్పకుండా రాసుకున్నారు. ఆ తర్వాత 2023 మార్చి 10న సౌదీ, ఇరాన్‌లు బీజింగ్‌లో కూర్చుని దౌత్య సంబంధాలు తిరిగి మొదలుపెట్టడానికి ఒప్పుకున్నాయంటే, ఆ సంగతికి ఉన్న వేర్లలో ఒకటి అబ్‌ఖైక్ మంటల్లో ఉంది. మరి నాలుగు నెలలు తిరగకుండా, 2020 జనవరి 3న ఇదే అమెరికా ఇరాన్ సేనాపతి ఖాసిం సులేమానీని బాగ్దాద్‌లో డ్రోనుతో ఎందుకు చంపింది? అంతకు వారం ముందు ఇరాక్‌లో రాకెట్ దాడిలో అమెరికా కాంట్రాక్టు ఉద్యోగి ఒకరు చనిపోయారు, తర్వాత బాగ్దాద్ రాయబార కార్యాలయం మీదికి గుంపు వచ్చింది. మిత్రదేశపు చమురు తగలబడినప్పుడు ఒక లెక్క, తన మనిషి చనిపోయినప్పుడు ఇంకో లెక్క. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే వరుసక్రమం కొంత తెలుస్తుంది. అధ్యక్షుడు మారితే వరుస కొంత మారుతుంది, కానీ మనం అనుకునేంతగా మారదు.

మాటను తూకం వెయ్యండి, తర్వాత కాళ్ళు చూడండి

ఎవరన్నారు అన్నది మొదట చూడాలి. అధ్యక్షుడు తన సామాజిక మాధ్యమంలో రాసింది వేరు, విదేశాంగ శాఖ ప్రతినిధి కాగితం చూసి చదివింది వేరు, సెంట్రల్ కమాండ్ ఇచ్చిన సైనిక ప్రకటన వేరు, పేరు చెప్పని అధికారి పత్రికకు చెప్పింది మరీ వేరు. నోటుబుక్కులో మాట పక్కన అన్నవారి హోదా రాయకపోతే ఆ గడి పనికిరాదు. "అన్ని మార్గాలూ మా ముందున్నాయి" అనే మాటను నేను రాసుకోవడం మానేశాను. దశాబ్దాలుగా ప్రతి ప్రభుత్వమూ అదే అంటోంది.

మాటకంటే ముందు కదిలేవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది రాయబార కార్యాలయ సిబ్బందికి ఇచ్చే సూచన. అమెరికా విదేశాంగ శాఖ ఇందులో రెండు మెట్లు పాటిస్తుంది. "వెళ్ళదలిచినవారు ప్రభుత్వ ఖర్చుతో వెళ్ళవచ్చు" అన్నది కింది మెట్టు. "అత్యవసరం కాని సిబ్బంది వెళ్ళి తీరాలి" అన్నది పై మెట్టు. మన ఛానెళ్ళు రెండింటినీ కలిపి "అమెరికన్లు పారిపోతున్నారు" అని చెప్పేస్తాయి. మీరు ఆ రెండు మెట్లను విడివిడిగా రాసుకోవాలి. రెండోది విమానవాహక నౌక. ఒక్కో నౌకలో సుమారు ఐదు వేల మంది ఉంటారు, దాని వెంట రక్షణ నౌకలుంటాయి. అంత బరువును ఊరికే ఖండాలు దాటించరు. మూడోది స్థావరంలోని విమానాల సంఖ్య.

2025 జూన్ నాటి నా పేజీని ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. జూన్ 11న బాగ్దాద్ రాయబార కార్యాలయంలో అత్యవసరం కాని సిబ్బందికి పై మెట్టు ఆదేశం వచ్చింది, బహ్రెయిన్, కువైట్ వంటి చోట్ల సైనికుల కుటుంబాలకు కింది మెట్టు అనుమతి వచ్చింది. అదే వారం చివర, జూన్ 15న, మస్కట్‌లో ఇరాన్‌తో ఆరో విడత అణు చర్చలు జరగవలసి ఉంది. రెండో గడిలో చర్చలు, మూడో గడిలో ఖాళీ చేయడం. రెండూ పొసగకపోతే మూడో గడిని నమ్మాలి. జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టింది. జూన్ 16న దక్షిణ చైనా సముద్రంలో ఉన్న నిమిట్జ్ అనే విమానవాహక నౌక వియత్నాం రేవుకు వెళ్ళడం మానుకుని పడమటి దారి పట్టింది. జూన్ మొదటి వారంలో అల్ ఉదైద్ మైదానంలో దాదాపు 40 విమానాలు కనిపించగా, జూన్ 19 నాటి ఉపగ్రహ చిత్రంలో మూడు మాత్రమే మిగిలాయి. అదే 19న శ్వేతసౌధం, "రెండు వారాల్లోగా నిర్ణయం తీసుకుంటాం" అని ప్రకటించింది. జూన్ 22 తెల్లవారుజామున ఏడు బీ-2 బాంబర్ విమానాలు ఫోర్దో, నతాంజ్ అణు కేంద్రాల మీద 14 భారీ బాంబులు వేశాయి, ఇస్ఫహాన్ మీదికి జలాంతర్గామి నుంచి క్షిపణులు వెళ్ళాయి. రెండు వారాలన్నవారు మూడు రోజులు ఆగలేదు.

నేను మోసపోయిన చోటు కూడా చెప్పాలి. దాడికి ముందు అదే రకం విమానాలు కొన్ని మిస్సోరీ నుంచి పడమటగా, పసిఫిక్‌లోని గువామ్ వైపు పోతున్నట్టు విమానాల రాకపోకలను గమనించేవారు బయటపెట్టారు. "గువామ్‌లో దిగాక కనీసం రెండు రోజులు" అని నేను పెన్సిల్‌తో రాసుకున్నాను. అవి కళ్ళకు గంతలు కట్టడానికి పంపినవి. అసలు విమానాలు తూర్పుగా అట్లాంటిక్ మీదుగా వెళ్ళాయి. అందరికీ కనిపించేలా కదిలే దాన్ని చూపించడానికే కదిలిస్తున్నారేమో అనే అనుమానం ఒక మూల ఉంచుకోవాలి. సిబ్బంది కుటుంబాలను ఇళ్ళకు పంపడం అలా నటించడానికి వీలుపడని పని, అందుకే నేను దానికి ఎక్కువ మార్కులు వేస్తాను. జూన్ 23 సాయంత్రం దోహాలోని అమెరికా కార్యాలయం తన పౌరులను ఉన్నచోటనే ఉండమని చెప్పింది, తర్వాత ఖతార్ గగనతలాన్ని మూసేసింది, ఆ తర్వాతే క్షిపణులు వచ్చాయి. దాడి గురించి ఇరాన్ ముందే కబురు పంపినట్టు తర్వాత అమెరికా అధ్యక్షుడే చెప్పి కృతజ్ఞతలు కూడా తెలిపాడు.

మట్టికోట మీద ఒక పాఠం

కల్లోలమైన ప్రాంతంలో పెద్ద రాజ్యం చెయ్యగల పనులు చాలా కొద్ది రకాలు. వాటిని చెప్పడానికి నేను పిల్లలను ఏడాదికొకసారి ఖిలా వరంగల్ మట్టికోట కట్ట మీదికి తీసుకుపోతాను. ఢిల్లీ సుల్తానులు 1303లో ఓరుగల్లు మీదికి వచ్చి భంగపడ్డారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ మట్టికోటను దాటి లోపలి రాతికోటను ముట్టడించాక ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు. సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ ఆదేశం కూడా అదే: రాజ్యం కలుపుకోవద్దు, ధనమూ ఏనుగులూ ఏటేటా కప్పమూ తీసుకుని రమ్మని. కప్పం ఆగినప్పుడల్లా సేన వచ్చింది. 1323లో అప్పటి ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మరో లెక్క వేసి, కోటను పట్టి, రాజును బందీచేసి, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చి, తన మనుషులను కూర్చోబెట్టాడు. పదిహేనేళ్ళు తిరగకముందే ముసునూరి కాపయ నాయకుడి నాయకత్వంలో ఓరుగల్లు మళ్ళీ చేజారింది.

పెద్ద రాజ్యం చెయ్యగల ఆ కొద్ది రకాల పనులు ఇవే: దూరం నుంచి ఒత్తిడి పెట్టి కావలసింది రాబట్టుకోవడం, స్థానిక ప్రభువును నిలబెట్టి అతని చేత పనిచేయించుకోవడం, లోపలికి వచ్చి కూర్చోవడం, వదిలేసి పోవడం. ఇరాక్ విషయంలో అమెరికా ఈ నాలుగూ చేసింది. 1980లలో ఇరాన్‌తో పోరులో ఇరాక్ పాలకుడు సద్దాంకు సాయపడింది. 1991లో కువైట్‌ను విడిపించాక బాగ్దాద్ దాకా పోకుండా ఆగి పన్నెండేళ్ళు ఆంక్షలతో, విమాన నిషేధ మండలాలతో ఒత్తిడి పెట్టింది. 2003 మార్చిలో, తర్వాత ఎక్కడా దొరకని సామూహిక జనహనన ఆయుధాల పేరు చెప్పి లోపలికి వెళ్ళింది. ఆ ఏడాది మే నెలలో సద్దాం నడిపిన బాత్ పార్టీ వారిని ఉద్యోగాల నుంచి తీసెయ్యడం, ఇరాక్ సైన్యాన్ని రద్దుచెయ్యడం అనే రెండు ఉత్తర్వులతో ఆయుధం పట్టడం తెలిసిన లక్షలమందిని వీధిలో నిలబెట్టింది. దాదాపు 4,500 మంది సైనికులను పోగొట్టుకుని 2011 డిసెంబరులో బయటికి వచ్చి, ఐసిస్ మోసుల్‌ను పట్టాక 2014లో తిరిగి వెళ్ళింది. చనిపోయిన ఇరాకీల లెక్క లక్షల్లో ఉంటుంది.

పోలికకు హద్దు ఉంది. ఢిల్లీకి ఓరుగల్లు ధనం కావాలి. అమెరికాకు గల్ఫ్ చమురు తన బళ్ళు నడపడానికి ఒకప్పటిలా అక్కర్లేదు. 2020 నుంచి అది పెట్రోలియంలో దిగుమతుల కంటే ఎగుమతులు ఎక్కువ చేసే దేశం. 2024లో హోర్ముజ్ దాటిన ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా చైనా, భారత్, జపాన్, దక్షిణ కొరియా వంటి ఆసియా దేశాలకే వచ్చింది. అయితే ధర ప్రపంచమంతటికీ ఒకటే కాబట్టి, ఆ మూతి మూసుకుంటే టెక్సాస్ బంకులో కూడా రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే ఎన్నికల్లో దెబ్బ తగులుతుంది.

డబ్బు వెంట నడవండి

రక్షణ ఎవరి ఖర్చుతో అని అడగడం హైదరాబాద్ చరిత్ర తెలిసినవారికి కొత్తేమీ కాదు. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. సేన కంపెనీది, జీతం నిజాంది. రెండేళ్ళకే ఆ ఖర్చు కింద దత్తమండలాలు చేజారిపోయాయి. అల్ ఉదైద్‌ను చాలావరకు తన సొమ్ముతో కట్టించి ఇచ్చింది ఖతారే. దానికి ప్రతిఫలంగా వచ్చిన రక్షణ ఎంతటిదో 2025 సెప్టెంబరు 9న తెలిసింది: పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ నాయకుల కోసం ఇజ్రాయెల్ దోహా మీదే దాడిచేసింది, స్థావరం ఉన్నా ఆగలేదు. నాలుగో గడికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎదురు దిశలో కూడా డబ్బు నడుస్తుంది. ఇజ్రాయెల్‌కు 2019 నుంచి 2028 వరకు పదేళ్ళకు 3,800 కోట్ల డాలర్ల సైనిక సాయం ఇస్తామని 2016లోనే ఒప్పందం కుదిరింది. ఈజిప్టుకు ఏటా దాదాపు 130 కోట్ల డాలర్లు వెళ్తున్నాయి. ఉపన్యాసాలలో ఎంత కోపం కనిపించినా ఈ అంకెలు కదలకపోతే విధానం కదలలేదని రాసుకోవచ్చు.

డాలరు మన పల్లెదాకా ఎలా వస్తుందో కూడా ఒక పేజీలో వేసి చూడండి. యూఏఈ దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర కట్టేసి ఉన్నాయి. డాలరు 85 రూపాయలున్నప్పుడు 1,500 దిర్హాములు పంపితే రాయికల్‌లో ఇంటికి సుమారు 34,700 రూపాయలు చేరతాయి. డాలరు 88 అయితే దాదాపు 35,900. యుద్ధ భయంతో రూపాయి పడిపోయిన నెలలో ఇంటికి వచ్చే సొమ్ము పన్నెండు వందలు పెరగడం, అదే నెలలో కంపెనీ పని ఆపేసి జీతం ఇవ్వకపోవడం, రెండూ ఒకే నిర్ణయం నుంచి పుట్టవచ్చు.

ఆంక్షలను ఆయుధాలలో ఒకటిగానే లెక్కపెట్టాలి. ఇరాన్‌తో కుదిరిన 2015 అణు ఒప్పందం నుంచి అమెరికా 2018 మే 8న బయటికి వచ్చాక, మినహాయింపుల గడువు ముగిసిన 2019 మే నుంచి మన దేశం ఇరాన్ చమురు కొనడం ఆపేసింది. ఒక్క తూటా పేలకుండా ఢిల్లీ నిర్ణయం మారింది.

చట్టం ఎంతవరకు పట్టి ఉంచుతుంది

ఇది త్వరగా ముగించదగిన భాగం. అమెరికాలో 1973 యుద్ధాధికారాల తీర్మానం ప్రకారం బలగాలను పోరులోకి దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కు తెలపాలి, అనుమతి లేకపోతే 60 రోజుల్లో వెనక్కి తీసుకోవాలి. ఆచరణలో అధ్యక్షులు దీన్ని చుట్టుతిరిగి పోవడం నేర్చుకున్నారు. ఇరాన్ మీద ఇంకా దాడి చెయ్యాలంటే అనుమతి కావాలనే తీర్మానం 2025 జూన్ 27న కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్‌లో 47–53 ఓట్లతో వీగిపోయింది. పరీక్ష రాసేవారు గుర్తుంచుకోవలసిన తేడా మరొకటి ఉంది: సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతుతో ఆమోదం పొందిన సంధి వేరు, అధ్యక్షుడి సంతకంతో వచ్చే ఉత్తర్వు వేరు. దోహా దాడి తర్వాత ఖతార్‌కు భద్రతా హామీ ఇస్తూ వచ్చినది రెండో రకం. తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసెయ్యవచ్చు.

చిన్న దేశాలకూ ఒక పేజీ కేటాయించండి

అమెరికా ఎత్తులు వేస్తుంది, మిగిలినవన్నీ పావులు అనే పద్ధతిలో రాసుకుంటే నోటుబుక్కు పదే పదే తప్పుతుంది. ఒమన్ మధ్యవర్తిగా నిలబడి 2025 మే 6న అమెరికాకూ హౌతీలకూ కుదిర్చిన ఒప్పందాన్ని చూడండి. అమెరికా బాంబులు ఆపుతుంది, హౌతీలు అమెరికా ఓడలను వదిలేస్తారు. ఆ వార్త విని ఎర్రసముద్రం అందరికీ తెరుచుకుందని అనుకున్నవారు ఆ జూలైలోనే మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు సరుకు ఓడలను హౌతీలు ముంచడం చూశారు. ఒప్పందం కుదిరిందని వినగానే ఎవరి ఓడలకు అని అడగాలి. అలాగే 2025 సెప్టెంబరు 17న, దోహా దాడి జరిగిన ఎనిమిది రోజులకు, సౌదీ అరేబియా పాకిస్తాన్‌తో పరస్పర రక్షణ ఒప్పందం చేసుకుంది. అలాంటి ఒప్పందానికి మాటలు ఎనిమిది రోజుల్లో పూర్తికావు, కానీ సంతకానికి ఎంచుకున్న రోజు కూడా ఒక మాటే.

మన దేశపు వరుసను కూడా ఇదే పేజీలో రాయండి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేలకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చుకున్నాం. 2003లో ఇరాక్ దాడిని పార్లమెంటు ఏకగ్రీవంగా ఖండించింది, ఆ జూలైలో అమెరికా అడిగినా సైన్యాన్ని పంపలేదు. 2023 డిసెంబరులో ఎర్రసముద్రంలో అమెరికా కట్టిన నౌకాకూటమిలో చేరలేదు. అయితే మన నౌకాదళం సొంతంగా యుద్ధనౌకలు పంపి ఓడలను కాపాడింది. కూటమిలో చేరకుండా పని చెయ్యడం ఢిల్లీకి బాగా అలవాటైన నాలుగో గడి.

ఫోన్ వచ్చిన రాత్రి

ముందు వాట్సాప్‌ను పక్కన పెట్టండి. ఆ జూన్ రాత్రి మా ఊరి గ్రూపులో "దోహా తగలబడుతోంది" అంటూ తిరిగిన ఒక వీడియో కంప్యూటర్ ఆటలోది. ఆకాశంలో తూటాల గీతలు మరీ తిన్నగా, కెమెరా మరీ నిలకడగా ఉంటే అనుమానించాలి. ఇరాన్ చెప్పింది, అమెరికా చెప్పింది, దాడి జరిగిన దేశం చెప్పింది మూడూ వేర్వేరు వరుసల్లో రాసి, మూడింటిలోనూ ఉన్న అంశం కింద గీత గీయండి. తెల్లవారేదాకా ఆ గీత పడిన దాన్ని మాత్రమే నమ్మండి.

గల్ఫ్‌లో ఉన్న మనిషితో మాట దొరికితే "ఎట్లున్నవ్" అన్న తర్వాత అడగవలసినవి వరుసగా ఇవి. క్యాంపు పేరేమిటి, దగ్గరలో స్థావరం గానీ రేవు గానీ చమురు కేంద్రం గానీ ఉందా? పాస్‌పోర్టు నీ దగ్గర ఉందా, కంపెనీ దగ్గర ఉందా? అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, గడువు ఎప్పటిదాకా ఉంది? పాస్‌పోర్టు, అకామా, వీసా ఫోటోలు ఇంటికి పంపావా? భారత రాయబార కార్యాలయపు అత్యవసర నంబరు గోడ మీద రాసి పెట్టుకున్నావా? ఖల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేకుండా, ఉంటున్నవారు రాయబార కార్యాలయానికి ఫోన్ చెయ్యడానికి భయపడతారు. తరలింపు మొదలైతే మొదట చిక్కుపడేది వారే, కాబట్టి వారి వివరాలు ఇంట్లో ముందే రాసి ఉండాలి. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి మన ప్రభుత్వం నాలుగు వేల మందికి పైగా తీసుకువచ్చినప్పుడు కూడా పేరు నమోదుతోనే పని మొదలైంది.

మెట్‌పల్లి అబ్బాయి మర్నాడు తరగతికి వచ్చి తన నోటుబుక్కు చూపించాడు. మూడో గడిలో క్షిపణుల సంగతి రాసి ఉంది. నాలుగో గడిలో, "ఇరాన్ దాడికి జవాబుగా అమెరికా తిరిగి కొట్టలేదు" అని రాసి, దాని కింద చిన్న అక్షరాలతో, "బాపు పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, అడగాలి" అని రాసుకున్నాడు.